ఆ ఎరుపు ఎవరిది?

ఉగాది ఫొటోల పోటీలో మన దొడ్డబళ్ళాపురం కుర్రవాడు నేత్రాణి దీవి దగ్గర సముద్రంలో తీసిన ఎర్రచేప ఫొటోను "లైటు వేసి తెచ్చిన దొంగ రంగు" అని పక్కన పెట్టారు. మేమూ తలూపాం. అది తప్పు.

నీళ్లు అన్ని రంగులకంటే ముందు ఎరుపునే మింగుతాయి. 5 మీటర్లు దిగేసరికే చాలావరకు పోతుంది. ఎర్రచేప బూడిదరంగులో కనిపిస్తుంది. దగ్గర నుంచి వెలుగు పడితేనే దాని సొంత రంగు బయటపడుతుంది. లైటు రంగు పూయలేదు, నీళ్లు దాచింది చూపింది.

చిన్న కెమెరాలో ఫ్లాష్ ఉందిగా, వేరే స్ట్రోబ్ దండగ అన్నారు కొందరు. రైల్వేలో గుమాస్తాగా చేసినవాళ్లం, మాకు తెలుసు: పొగమంచులో టార్చి కంటి పక్కన పట్టుకుంటే తెల్లగోడే కనిపిస్తుంది. లెన్సు పక్కనున్న ఫ్లాషూ అంతే. నీటిలోని నలుసులన్నీ తెల్లచుక్కలవుతాయి. స్ట్రోబును కడ్డీ మీద పక్కకు జరిపి, కాస్త బయటికి తిప్పితే చుక్కలు తగ్గుతాయి. కెమెరా ఫ్లాషే ఫైబర్ తీగ ద్వారా దాన్ని వెలిగిస్తుంది. ఖరీదైన కొత్త కెమెరా అక్కరలేదు. చేపకు దగ్గరగా వెళ్లాలి, పగడాన్ని ముట్టకూడదు, అంతే.

తమిళ మీడియంలో చదివినవాళ్లం, తెలుగులో తప్పులుంటే మన్నించండి. ఆ ఫొటోను మాత్రం మళ్లీ పోటీలో చేర్చుదాం.