తెట్టు తీశారు, నష్టం మిగిలింది

సముద్రంపై చమురు తెట్టు కనిపించినన్నాళ్లే అది వార్త. మత్స్యకారుల కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది.

2017 జనవరి 28న చెన్నై సమీపంలోని ఎన్నూర్ ఓడరేవు వెలుపల రెండు నౌకలు ఢీకొన్నాయి. ఒడ్డుకు చేరిన చమురును వలంటీర్లు బకెట్లతో ఎత్తిపోశారు. తీరం తేటపడినా కొనేవాళ్లు జంకడంతో చేపకు గిరాకీ పడిపోయింది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో మనలి పారిశ్రామిక వాడ నుంచి చమురు ఎన్నూర్ ఉప్పుటేరులోకి చేరింది. ఈసారి అది మడచెట్ల వేళ్లకు, బురదకు పట్టింది. రొయ్య, పీత పెరిగేది అక్కడే. తమిళనాడు ప్రభుత్వం దెబ్బతిన్న మత్స్యకార కుటుంబాలకు రూ.12,500, పడవల మరమ్మతుకు రూ.10,000 చొప్పున ప్రకటించింది.

పరిహారం లెక్క పడవ, వల, రిజిస్టరు చుట్టూ తిరుగుతుంది. నీళ్లలో దిగి చేత్తో రొయ్యలు పట్టే ఇరులర్ మహిళలకు పడవే లేదు. గంపలో చేపలమ్మే మహిళ పోగొట్టుకున్న వాడుక బేరాలకు రసీదు ఉండదు. వేట ఆగిన రోజులకు కట్టే సొమ్ము, ఏరు కోలుకునేదాకా సాగే నష్టాన్ని పూడ్చలేదు.

రిఫైనరీ, ఫిషింగ్ హార్బర్ ఒకే తీరాన ఉన్న విశాఖకూ ఇది హెచ్చరికే. ఏ ఊళ్లో ఎవరు దేని మీద బతుకుతున్నారో ప్రమాదానికి ముందే నమోదు చేయాలి. చమురు ఒలికాక అడిగితే, రుజువు చూపాల్సిన భారం నష్టపోయినవారి మీదే పడుతుంది.