కారు చేసుకున్నాం, తోలే చోటేదీ?

పొగాకు బేళ్లు తూచే కాటాలు నాలుగు అడిగి తెచ్చుకున్నాం. షెడ్డులో నేల మట్టం చూసి, పల్లంగా ఉన్న చోట రేకు ముక్కలు వేసి, ఒక్కో చక్రం కింద ఒక్కో కాటా చేర్చాం. సీట్లో అరవై కిలోల కుర్రాణ్ని కూర్చోబెట్టి కూడితే మొత్తం 488 వచ్చింది. కుర్రాణ్ని తీసేస్తే కారు 428 కిలోలు. పిల్లలు ఈలలు వేశారు. నేను మాత్రం ముందు ఎడమ చక్రం కాటా దగ్గరే ఆగిపోయాను. మనిషి కూర్చున్నది కుడివైపు. బరువేమో ఎడమ చక్రం మీద ఎక్కువ చూపిస్తోంది.

‘‘ఒక కోడు పొడుగైన మంచంరా ఇది’’ అన్నాను. అలాంటి మంచం మూలకు మూల ఉన్న రెండు కోళ్ల మీదే నిలబడుతుంది. పడుకున్నవాడు అటు దొర్లితే టక్కున అటు వాలుతుంది. మలుపులో కారూ అంతే, ఎడమకు తిప్పితే ఒకలా, కుడికి తిప్పితే ఇంకోలా పోతుంది. ముందు ఎడమ స్ప్రింగు కింది కాలరు ఒక చుట్టు దించాం, మళ్లీ తూచాం. ఇంకో అర చుట్టు దించి మళ్లీ తూచాం. రాత్రి పదకొండింటికి మంచం నాలుగు కోళ్ల మీదా కుదురుగా నిలబడింది.

ఆ కారు ఇప్పుడు టార్పాలిన్ కింద ఉంది. ఎందుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాది చీరాలలో లేతు షాపు. తాత జాండ్రపేటలో గుంట మగ్గం నేశాడు. నాన్న మగ్గం దిగి పొగాకు బ్యారన్లకు రేకు గొట్టాలు చేశాడు. నేను బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు, రొయ్యల చెరువుల్లో ఏరేటర్ల ఇరుసులు తిప్పి బతుకుతున్నాను. మూడేళ్ల కిందట ఇంజనీరింగ్ చదివే నలుగురు కుర్రాళ్లు ఒక కాగితం పట్టుకుని వచ్చారు. ‘‘బాబాయ్, ఈ బుష్షులు తిప్పిపెడతావా?’’ అన్నారు. దేనికని అడిగితే రేసు కారుకన్నారు. నవ్వాను. ఆ తర్వాత రెండేళ్లు నా ఆదివారాలన్నీ వాళ్లకే పోయాయి.

దెబ్బతిన్న పాత మారుతి 800 ఒకటి 32 వేలకు కొన్నాం. 796 సీసీ, మూడు సిలిండర్లు, 37 హార్స్ పవర్. దీంతో రేసేమిటని ఎవరైనా అడుగుతారు. అసలు కిటుకు బలంలో లేదు, బరువులో ఉంది. ఆ కారు కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాదాపు 650 కిలోలు. అంటే టన్ను బరువుకు 57 హార్స్ పవర్ పడుతుంది. అదే ఇంజను 428 కిలోల కారును లాగితే టన్నుకు 86 పడుతుంది. ఇంజనులో ఒక్క నట్టు ముట్టుకోకుండా సగం బలం పెరిగినట్టు. పైగా తేలిక బండికి బ్రేకు తొందరగా పడుతుంది, మలుపులో టైరు మీద భారం తగ్గుతుంది.

800లో ఇంజను, గేర్‌బాక్సు, రెండు డ్రైవ్ షాఫ్టులు కలిసి ఒకే మూట. ఆ మూటను ముందు నుంచి ఎత్తి సీటు వెనక పెట్టాం. దాంతో ముందు చక్రాలు లాగే కారు కాస్తా వెనక చక్రాలు తోసే కారైంది. వెనక్కి వచ్చిన ఆ చక్రాలు ఇక పక్కలకు తిరగకూడదు కాబట్టి పాత స్టీరింగు రాడ్ల స్థానంలో పొట్టి రాడ్లు చేసి చట్రానికే బిగించాం. చట్రమంతా గొట్టాలే. నులక మంచాన్ని పక్క నుంచి నెడితే పట్టెలూ కోళ్లూ కలిసి ఒరుగుతాయి. మూల నుంచి మూలకు ఒక కర్ర ఏటవాలుగా బిగిస్తే ఎంత నెట్టినా కదలదు. నలుచదరం ఊగుతుంది, ముక్కోణం ఊగదు. పుస్తకంలో పిల్లలు ఏడాది చదివినా బుర్రకెక్కనిది షెడ్డులో పాత మంచం చెప్పింది. తల మీద హెల్మెట్ కంటే ఎత్తుగా ఒక కమాను, దాని వెనక రెండు ఊతాలు. బోల్తా కొడితే ప్రాణం నిలిపేది అదే. అక్కడ మాత్రం బరువు లెక్క చూడలేదు.

పూర్తయ్యాక మొదటిసారి నేనే కూర్చున్నాను. నడుము నేలకు ఆనినంత కింద, కాళ్లు ముందుకు గొట్టాల మధ్యలోకి, పాదాల కింద పెడళ్లు. తాత గుంటలో కాళ్లు పెట్టి మగ్గం ముందు కూర్చున్నట్టే ఉంది. ఆయన చేతిలో నాడె, నా చేతిలో స్టీరింగు.

ఇలాంటి కారు మనవాళ్లకు కొత్త కాదు. మా మగ్గాలకు నూలు పంపే కోయంబత్తూరులోనే, అక్కడ స్థిరపడ్డ తెలుగు నాయుళ్ల మధ్యే ఆ చరిత్ర ఉంది. జి.డి. నాయుడు గారు 1952లో రెండు సీట్ల చిన్న పెట్రోలు కారు చేసి, 2,000 రూపాయలకే ఇవ్వొచ్చన్నారు. లైసెన్సు రాలేదు, ఆ కారు అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాతి తరంలో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ గారు 1980ల చివర్లో, మారుతి 800 ఇంజనుతోనే ఒంటి సీటు రేసు కారు చేశారు. దాని పేరు ఫార్ములా మారుతి. ఆయన కారు చేయడం గొప్పే, కానీ అందరికీ ఒకే రకం కారు ఉండాలన్న నియమం అంతకంటే గొప్పది. డబ్బున్నవాడు విదేశీ ఇంజను తెచ్చి గెలిచే దారి మూసేశారు. గెలవాలంటే తోలడం రావాలి, అంతే. నరైన్ కార్తికేయన్ తొలి రేసు శ్రీపెరంబుదూరు దగ్గర ఫార్ములా మారుతిలోనే. 2005లో ఆయన జోర్డన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన తొలి భారతీయుడయ్యారు. మన వీధుల్లో పాలకీ బడికీ తిరిగిన ఇంజనే ఆ దారికి మొదటి మెట్టు. కరివర్ధన్ గారు 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరుదే. ఫార్ములా భారత్ పోటీకి దేశం నలుమూలల నుంచి ఇంజనీరింగ్ పిల్లలు తాము చేసిన కార్లు మోసుకుపోయింది ఆ ట్రాక్‌కే.

ఇంగ్లండులోనూ కథ ఇలాగే మొదలైంది. 750 మోటార్ క్లబ్ 1939లో పుట్టింది. ఆస్టిన్ సెవెన్ అనే పాత చవక కార్లను విప్పి, తేలిక చేసి పరుగెత్తించిన క్లబ్బు అది. లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ ఆ పాత ఆస్టిన్ల మీదే చెయ్యి తిప్పుకుని 1957లో లోటస్ సెవెన్ తెచ్చాడు. ఫార్ములా వన్ జట్లు ఇవాళ ఆ దేశంలో అన్ని ఉన్నాయంటే, ఇంటి వెనక షెడ్లలో ఆదివారాలు ఖర్చుపెట్టిన వాళ్ల పుణ్యం అందులో చాలా ఉంది.

మరి మా సంగతి? కారును వ్యానెక్కించి చెన్నై అవతల ఇరుంగట్టుకోట్టై తీసుకెళ్లాం. 1990లో మొదలైన ట్రాక్, చుట్టు 3.7 కిలోమీటర్లు. ఒకసారి ఇసుకలోకి పోయి రావడం తప్ప రెండు చుట్లు బ్రహ్మాండంగా తిరిగింది. మూడో చుట్టులో మూడో గేరు పడలేదు. తప్పు నాది. గేరు కేబులును సైలెన్సరు గొట్టం పక్కగా మరీ మెలిక తిప్పి పంపాను, పై తొడుగు కరిగి లోపలి తీగ పట్టేసింది. ఊళ్లో అయితే అరగంట పని. అక్కడ ఆ రోజుకు తీసుకున్న సమయం అయిపోయింది, వ్యాను కిరాయి పోయింది, పిల్లల సెలవూ అయిపోయింది. కేబులు మార్చి చూసుకోవాలంటే మళ్లీ మూడు వందల యాభై కిలోమీటర్లు పోవాలి. కారు తయారీ అంటే గీయడం, అతకడం కాదు. తోలడం, చెడగొట్టుకోవడం, దిద్దుకోవడం, మళ్లీ తోలడం. ఆ తోలడానికే మనకు చోటు లేదు.

ఆదివారం పూట ఖాళీగా ఉండే సిమెంటు ఆవరణ ఒకటి ఇస్తారేమోనని ఒక కార్యాలయానికి వెళ్లాం. ‘‘నంబరు ప్లేటేది?’’ అన్నారు. రోడ్డెక్కదు సార్, అందుకే చోటు అడుగుతున్నామన్నాం. ‘‘నంబరు లేని కారుకు పర్మిషనేంటి?’’ అన్నారు. నేను దండం పెట్టి వచ్చేశాను.

రోడ్డు మీద తోలమని నేను ఎవరికీ చెప్పను. మోటారు వాహన చట్టం 189వ సెక్షన్ ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ స్థలాల్లో పందేలు నిషేధించింది. 2019 సవరణతో తొలి తప్పుకే జరిమానా 5,000 రూపాయల దాకా పెరిగింది. అది సరైన చట్టమే. కానీ ఏ ఆదివారం సాయంత్రమైనా వాడరేవు రోడ్డు పక్కన పావుగంట నిలబడండి. చెప్పులతో, హెల్మెట్ లేకుండా, ముగ్గురేసి కూర్చుని బైకులు ఎలా పోతాయో చూడండి. ఆ జోరు చట్టంతో చావదు. దానికో గట్టు కట్టి కాలువ తవ్వాలి. మా నలుగురిలో ఒకడు కాలేజీకి చేరిన కొత్తలో అలా తోలినవాడే. ట్రాక్ మీద వంద మీటర్ల బోర్డు దగ్గర బ్రేకు తొక్కి, చక్రాలు బిగుసుకుపోయి, కారు గిర్రున తిరిగి ఇసుకలో పడ్డాక బుద్ధిమంతుడయ్యాడు. ‘‘బాబాయ్, బండి ఆగడానికి ఎంత దూరం పడుతుందో నాకు ఇన్నాళ్లూ తెలియదు’’ అన్నాడు. ఈ మాట వాడు ఇసుకలో నిలబడి అన్నాడు. రోడ్డు మీదైతే అనడానికి మిగిలేవాడు కాదేమో.

ట్రాక్ కట్టడానికి డబ్బెక్కడిదని ప్రభుత్వం అడగొచ్చు. పక్క రాష్ట్రంలో ఒక్క రోజు రేసుకు దొరికింది కదా. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన 2.83 కిలోమీటర్ల వీధులకు కంచెలు కట్టి ‘ఫార్ములా-ఈ’ అనే కరెంటు కార్ల పోటీ పెట్టారు. ప్రపంచమంతా చూసింది, మంచిదే. మరుసటేడాది పోటీ రద్దయింది, కంచెలు తీసేశాక మళ్లీ అది ట్రాఫిక్ రోడ్డే. పాఠం ఏమిటంటే, తెచ్చి పెట్టిన రేసు పోతుంది, ట్రాక్ కడితే ఉంటుంది. చదునుగా కాంక్రీటు పరవడం మనకు చేతకాక కాదు. అద్దంకి దగ్గర కొరిశపాడు, రేణింగవరం మధ్య జాతీయ రహదారి మీదే 4.1 కిలోమీటర్ల విమానాల అత్యవసర రన్‌వే కట్టారు. 2022 డిసెంబరు 29న వాయుసేన అక్కడ ప్రయోగాత్మకంగా విమానాలు నడిపింది. ఆ రోడ్డు నాకివ్వమని అడగడం లేదు, అది దేశ రక్షణది. అయితే చెన్నై వాళ్ల రేసులు పెరిగింది కూడా షోలవరంలో యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీదే. చదునైన నేల దొరికిన చోట పిల్లలు ఊరుకోరు.

నేను అడిగేవి మూడే. మొదటిది, తెనాలి, బాపట్ల, రేపల్లె, చీరాల పిల్లలందరికీ అందుబాటులో రెండు కిలోమీటర్ల చిన్న ట్రాక్. స్టేడియాలు, ఏసీ గదులు వద్దు. తారు, ఇసుక గుంటలు, టైర్ల గోడ, ఒక అంబులెన్సు చాలు. మాగాణి తీసుకోవద్దు, సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు కొట్టొద్దు. మూతపడ్డ మిల్లు స్థలమో, వాడకంలో లేని పారిశ్రామిక స్థలమో చూడండి. రెండోది, పాత 800 ఇంజనుతో ఒక తరగతి పోటీ, దానికి ఖర్చు గరిష్ఠ పరిమితి. గెలిచిన ఇంజనును ముందే నిర్ణయించిన ధరకు ఓడినవాడు కొనుక్కోవచ్చని రాయండి. చిన్న రేసుల్లో ఇది పాత నియమమే. ఐదు లక్షలు పోసి ఇంజను సానబట్టినవాడు దాన్ని నలభై వేలకు వదులుకోవాలంటే ఇంకెవడూ సానబట్టడు. మూడోది, కారు చేసిన పిల్లలకు కాలేజీలో దాన్నే ప్రాజెక్టుగా లెక్కించి మార్కులివ్వడం, వాళ్లతో పనిచేసిన లేతు, వెల్డింగు, డెంటింగు మనుషులను క్లాసుకు పిలిచి నిలబెట్టడం. వెల్డింగు అతుకు చూసి లోపల గాలి బుడగ ఉందో లేదో చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్లో ఉన్నాడు. ఆయన ఆరో తరగతితో బడి మానేశాడు.

ఇది డబ్బున్న వాళ్ల సరదా అంటారేమో. నా లెక్క పుస్తకం ఉంది. పాత బండి, గొట్టాలు, టైర్లు, ఐదు పట్టీల బెల్టు, మంటలార్పే సిలిండరు అన్నీ కలిపి రెండు లక్షల పదివేలు, నా చాకిరీ కాక. నలుగురు పంచుకున్నారు. కుర్రాళ్లు వాయిదాల మీద కొనే స్పోర్ట్స్ బైకు ఒక్కదాని ధర.

పన్ను కట్టమంటే 1921లో ఊరికి ఊరే ఖాళీ చేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట రామనగరంలో పాకలు వేసుకున్న చీరాల మాది. రెండు కిలోమీటర్ల తారు అడగడానికి మాకు మొహమాటం దేనికి? ఈసారి ఓటడగడానికి వచ్చేవాళ్లను మీరూ అడగండి.

కారు మాత్రం సిద్ధంగా ఉంది. ఇంజను పట్టేయకుండా ప్రతి ఆదివారం పొద్దున్నే పది నిమిషాలు స్టార్టు చేసి, ఆపేసి, మళ్లీ టార్పాలిన్ కప్పుతున్నాను.