బొంతపై పేరు

అక్షరములకు కాగితమే ఆధారమని పలువురు తలంతురు. గుడ్డముక్కలతోను అక్షరములు కూర్పవచ్చును. అట్టి కూర్పును ప్రొద్దుపోక పనిగా నెంచుట తగదు. అందు లెక్క కలదు, ఓర్పు కలదు, అన్నిటికంటె మిన్నగా తోడిమానవునియెడ గౌరవము కలదు.

పాతచీరల ముక్కలను చేర్చి బొంత కుట్టుట తెలుగిండ్ల వారెరిగినదే. అమెరికాలోను ఈ పని ఒక కళగా పెరిగినది. అచట బొంతపై అక్షరములను ముఖ్యముగా రెండు విధముల నిలుపుదురు. మొదటిది ముక్కకు ముక్క చేర్చి కుట్టుట. ఇంగ్లీషు లిపిలోని ‘హెచ్’ అను అక్షరమునకు ఇరుప్రక్కల రెండు నిలువు పట్టీలు, నడుమ ఒక అడ్డుముక్క, దానికి పైన ఒకటి, క్రింద ఒకటి అడుగుగుడ్డ రంగు ముక్కలు, వెరసి అయిదు ముక్కలు కావలెను. ముందు నడిమి మూడింటిని కలిపి, పిమ్మట ప్రక్క పట్టీలను చేర్పవలెను. ప్రతి అంచునను పావంగుళము కుట్టులోనికి పోవును. కావున అంగుళము వెడల్పు కనబడవలసిన పట్టీని అంగుళమున్నర కత్తిరింపవలెను. ఈ లెక్క మరచినచో అక్షరము సగమునకు సన్నగిల్లును.

తెలుగు అక్షరములు గుండ్రనివి. వానికి రెండవ పద్ధతి సుకరము. అక్షరము నొకే గుడ్డలో కత్తిరించి, అంచు లోపలికి మడిచి, అడుగుగుడ్డపై కుట్టవలెను. లోవంపు గలచోట అంచునకు చిన్న గాట్లు పెట్టనిచో మడత చదునుగా నుండదు.

రంగుతో క్షణములో వ్రాయదగిన దానికి ఇంత శ్రమ యేల యని కొందరందురు. అంగడి పలక విషయమున వారి మాట సమంజసమే. ఆత్మీయుని పేరు విషయమున కాదు. దీనికొక గొప్ప నిదర్శనము కలదు.

1985 నవంబరులో సాన్ ఫ్రాన్సిస్కో నగరమున, ఎయిడ్స్ వ్యాధిచే మరణించినవారి పేర్లను అట్టలపై వ్రాసి, జనులు ఒక ప్రభుత్వ భవనపు గోడకు అంటించిరి. ఆ గోడ క్లీవ్ జోన్స్ అను నాతనికి బొంతవలె కనబడినది. ఒక్కొక్క మృతునికి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల గుడ్డపలకపై పేరు నిలుపవలెనను సంకల్పము అందుండి పుట్టినది. అది ఇంచుమించు సమాధి కొలత. ఆ దినములలో భయముచే ఆ శవములను ముట్టుటకు అంత్యక్రియలు జరుపువారిలో పలువురు నిరాకరించిరి. 1987 అక్టోబరు 11వ తేదీన వాషింగ్టన్ నగరమున అట్టి పలకలను 1,920 పరచిరి. నేడు వాని సంఖ్య సుమారు 50,000.

ఈ పలకలను పలుమారులు మడతపెట్టి విప్పుచుందురు. జిగురు కాలక్రమమున వదలును గావున అక్షరములను కుట్టుటయే మేలని నిర్వాహకులు చెప్పుదురు. రంగుతో వ్రాసినవియు అందు కలవు. వానిలో ప్రేమ తక్కువ కాదు. అయినను అక్షరములు కుట్టువారు ఒక్కొక్క అక్షరముకడ చాలసేపు నిలువక తప్పదు. అంతసేపును ఆ మనుష్యుడు వారి తలపున మెలగును. లోకము పలుక వెరచిన పేరు ఆప్తుల చేత అక్షరమక్షరముగా మరల పలుకబడును.

సూదిపని ఆడువారిదనియు, చదువురానివారిదనియు చులకన చేయువారు ఈ బొంతను తలచుకొనవలెను. బాలురు గాని బాలికలు గాని, తమ ఇంటి పెద్దల పేరొకటి గుడ్డపై కుట్టిచూచినచో, ఆ పేరిట నెన్ని వంపులు కలవో, దాని నిలుపుట కెంత శ్రద్ధ వలయునో తామే గ్రహింతురు.