వంకర దారిని పొగడొద్దు, తలుపు తెరవండి

పరీక్షా ఫలితాలు వచ్చినప్పుడల్లా పేపర్లకు ఒక కథ కావాలి. కూలి తల్లి, రేకుల ఇల్లు, బిడ్డకు ర్యాంకు. కింద ఒక నీతి: కష్టపడితే కానిదేముంది? ఆ తల్లికి సెంటు భూమి ఎందుకు లేదో మాత్రం ఒక్కడూ రాయడు.

బడిపంతుళ్ళం కాబట్టి మేమూ ఒక బడిపంతులు కథే చెప్తాం. ఛార్లెస్ హెన్రీ టర్నర్ అమెరికా నల్లవాడు. 1867లో సిన్సినాటిలో పుట్టాడు. అప్పటికి ఆ దేశంలో బానిసత్వం రద్దయి రెండేళ్ళు కూడా కాలేదు. 1907లో చికాగో యూనివర్సిటీ ఆయనకు జంతుశాస్త్రంలో డాక్టరేటు ఇచ్చింది. మరి కుర్చీ? పరిశోధన చేసే పెద్ద యూనివర్సిటీ ఒక్కటీ వేయలేదు. 1908 నుంచి 1922 దాకా సెయింట్ లూయిస్‌లో నల్లపిల్లల బడి, సమ్నర్ హైస్కూల్లో పాఠాలు చెప్పుకున్నాడు.

చేతికింద మనుషుల్లేరు, సరైన ల్యాబు లేదు. పార్కుకు పోయి రంగు అట్టముక్కల మీద తేనె పెట్టి, తేనెటీగల వెంట తిరిగాడు. అవి రంగుల తేడా పోల్చుకుంటాయని 1910లో, గీతల్లో తేడా కూడా పోల్చుకుంటాయని 1911లో రాశాడు. బొద్దింకలు కూడా అనుభవంతో నేర్చుకుంటాయని చూపాడు. మొత్తం 70కి పైగా పరిశోధన వ్యాసాలు! తేనెటీగల రంగుచూపు మీద యూరప్‌లో కార్ల్ వాన్ ఫ్రిష్ మరింత కట్టుదిట్టమైన ప్రయోగాలు అచ్చేసింది 1914లో. ఆయనకు యూనివర్సిటీ ఉంది, శిష్యులున్నారు, 1973లో నోబెల్ కూడా వచ్చింది. టర్నర్ 1923లోనే పోయాడు. లోకం ఆయన్ని చాలాకాలం మర్చిపోయింది.

"చూశారా, ల్యాబు లేకున్నా సాధించాడు" అంటారు కొందరు పెద్దమనుషులు. అక్కడే మా పేచీ. ఆ వంకర దారి ఆయన కోరుకున్నది కాదు, తిన్నటి దారికి తాళం వేస్తే పట్టిన దారి. ల్యాబు ఇచ్చుంటే ఇంకెంత చేసేవాడో ఎవరు లెక్కగడతారు?

ఆ తాళం మన ఊళ్ళలోనూ ఉంది. తెల్లకంకి కనబడగానే కాండం తొలిచే పురుగు పడిందని చెప్పేది కలుపు తీసే మన అమ్మలే. పశువు గుండె ఎక్కడుందో, కాలేయం ఎక్కడుందో మాదిగ తాత బొమ్మ చూసి నేర్చుకోలేదు, చేత్తో పట్టి నేర్చుకున్నాడు. ఇది జీవశాస్త్రానికి మొదటి మెట్టు. అట్లాగని ఆ కలుపులో, ఆ తోలుపనిలోనే ఉండిపొమ్మంటే ఒప్పుకోం. ఆ ఎరుకతోనే వాళ్ళ మనవరాలు మైక్రోస్కోపు దాకా పోవాలి. కానీ బైపీసీ తీసుకుంటానన్న పిల్లతో "నీకెందుకమ్మా, తొందరగా పని దొరికేది చదువుకో" అనే మాట మేం స్టాఫ్‌రూముల్లో విన్నాం. డబ్బుల్లేక చదువాపి మళ్ళీ వచ్చినవాణ్ణి "వయసైపోయింది" అని వెనక్కి పంపడమూ చూశాం.

అన్నలారా, అక్కలారా! మీ ఊరి హైస్కూలుకు పదిమంది కలిసి పోండి. మైక్రోస్కోపు బీరువాలోంచి బయటికి తీసి ఎన్నాళ్ళయిందో అడగండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. స్కాలర్‌షిప్పు ఏ నెలకానెల పడుతోందా అని అడగండి. చదువాపిన పిల్లల పేర్లు రాసుకుని, మళ్ళీ చేర్పించేదాకా వదలకండి.

టర్నర్ చూసినట్టు చూడమని మన పిల్లలకు చెబుదాం. టర్నర్ పడ్డ పాట్లు వాళ్ళకు రాకుండా కొట్లాడదాం.

జై భీం!