పేరు రుత్విక్కు, పిలుపు 'ఒరేయ్'

కర్నూలు, కడప పల్లెల్లో ఏ మాలవాడకైనా, మాదిగవాడకైనా పోండి. అంగన్‌వాడీ రిజిస్టరు తీసి చూడండి. తాత పేరు ఓబులేసు, నాయన పేరు సుంకన్న. మనమడి పేరు రుత్విక్. ఊర్లో ఇంకెవరికీ లేని పేరు కావాలని ఫోనులో వెతికి మరీ పెట్టుకుంటున్నారు.

ఇది చూసి పెద్దకులాలోళ్లు కొందరు మూతి తిప్పుతున్నారు: "వీళ్లకు గూడా రుత్విక్కేనా?" మన ఉద్యమంలో ఉన్నోళ్లు కొందరు ఇంకో పక్కకు మూతి తిప్పుతున్నారు: "బాపనోళ్ల పేర్లు మనకెందుకు?" ఈ ఇద్దరికీ జవాబు చెప్పాల్సిందే.

ముందు ఆ మాటకు అర్థమేందో చూద్దాం. ఋత్విక్కు అంటే యజ్ఞం జరిపించేవాడు. ఋతువు, అంటే తగిన కాలం తెలిసి యజ్ఞం చేసేవాడని అర్థం. ఖర్చు పెట్టుకునేవాడు యజమాని, మంత్రం చదివి దక్షిణ పుచ్చుకునేవాడు ఋత్విక్కు. హోత, అధ్వర్యుడు, ఉద్గాత, బ్రహ్మ అని నలుగురు ముఖ్యులు. సోమయాగానికైతే 16 మంది. అంటే ఇది మొదట మనిషి పేరు కాదు, కొలువు పేరు. మన ఊర్లలో కరణం, తలారి అన్నట్టు.

ఆ కొలువు ఎవరిది? బ్రాహ్మణునిది. వేదం చెవిన బడిన శూద్రుని చెవిలో సీసం కాచి పొయ్యాలని గౌతమ ధర్మసూత్రం రాసింది. శూద్రునికే ఆ గతి అయితే, నాలుగు వర్ణాల బయట ఊరవతల ఉంచిన మాల మాదిగల సంగతి చెప్పేదేముంది? పాతకాలం యజ్ఞాల్లో పశువును బలి ఇచ్చేవాళ్లు. అక్కడ ఉన్న ఋత్విక్కు పూజ్యుడైనాడు. చచ్చిన గొడ్డును ఊరి కోసం మోసిన మాదిగ అంటరానోడైనాడు. ఈ తిరకాసును అంబేద్కర్ 1948లో అచ్చయిన 'అంటరానివారు' పుస్తకంలో విప్పి చూపించినాడు.

పేర్ల మీద గూడా శాసనం ఉంది. మనుస్మృతి రెండో అధ్యాయం 31, 32 శ్లోకాలు చూడండి. బ్రాహ్మణుని పేరులో మంగళం ఉండాలంట. క్షత్రియుని పేరులో బలం, వైశ్యుని పేరులో ధనం ఉండాలంట. శూద్రుని పేరు వింటే అసహ్యం పుట్టాలంట, తోకగా సేవ తగిలించాలంట. బిడ్డ కండ్లు తెరవకముందే వాని బతుకు పేరులో రాసిపెట్టినారు. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ ఆ పుస్తకాన్ని తగలబెట్టించింది ఊరికే కాదు.

కాబట్టి మాదిగవాడలో రుత్విక్ అనే పిలుపు వినబడితే అది మనువు రాతను కాళ్లకింద వేసి తొక్కడమే. ఆ పేరు పెట్టిన తల్లికి ఈ శ్లోకాలన్నీ తెలియకపోవచ్చు. తన బిడ్డ పేరు వింటే ఎవరికీ ఏవగింపు పుట్టకూడదని మాత్రం ఆమెకు బాగా తెలుసు. ఆమెను ఎగతాళి చేసే హక్కు ఉద్యమానికి లేదు.

సంస్కృతం వాళ్ల సొత్తేం కాదు. బడిలో సంస్కృతం చదువుతానంటే అంబేద్కర్‌కు చెప్పలేదు. పారశీకం చదువుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆయనే పట్టుబట్టి సంస్కృతం నేర్చుకుని, వాళ్ల శాస్త్రాలతోనే వాళ్లకు జవాబు చెప్పినాడు. ఆయన పేరులోని భీముడు ఎక్కడివాడు? భారతంలోని వాడే. అయినా ఈరోజు జై భీమ్ అంటే ఎవరికీ గదా పట్టుకున్న పాండవుడు గుర్తుకు రాడు. మన కర్నూలు పక్కన పెద్దపాడులో 1921లో ఒక మాల ఇంట్లో బిడ్డ పుడితే సంజీవయ్య అని పెట్టినారు. అదీ సంస్కృతమే. ఆ దామోదరం సంజీవయ్య 1960లో రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినాడు. ఈ దేశంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు ఆయనే. పెండ్లిలో అయ్యోరు ఆకాశంలో చూపించే అరుంధతి మా ఆడబిడ్డే అంటారు మాదిగలు. ఆ పేరుతోనే అరుంధతీయులమని సంఘాలు పెట్టుకున్నారు.

ఇంతవరకు పెద్దకులాలోళ్లకు జవాబు. ఇప్పుడు మనోళ్లతో ఒక మాట.

రుత్విక్ అని పెట్టుకోండి. అయితే ఓబులేసు అంటే నామోషీ అని మాత్రం పెట్టుకోవద్దు. ఓబులేసు ఎవరు? అహోబిలేశుడు. సంస్కృతంలో పుట్టి, మన నాలుక మీద అరిగి మనదైన పేరు. అదే పేరు పైవీధిలో ఓబుల్‌రెడ్డి అయితే గౌరవం, వాడలో ఓబులేసు అయితే 'ఒరే ఓబులేసుగా'. పుల్లయ్య సంగతీ అంతే. పుట్టిన బిడ్డలు నిలవకపోతే ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించి పుల్లయ్య, పుల్లమ్మ అని పెట్టేవాళ్లు. చావు కండ్లబడకుండా బిడ్డను దాచుకునే ఉపాయం అది. అన్ని కులాల్లోనూ ఉండేది. కర్నూలు జిల్లాలో పుట్టిన పుల్లారెడ్డి పేరు మీద మిఠాయి అంగళ్లు లేచినాయి, ఇంజనీరింగు కాలేజీ లేచింది. ఆ పేరు విని ఎవరైనా ముక్కు మూసుకున్నారా? లోపం పేరులో లేదు, పిలిచేవాని నోట్లో ఉంది.

మద్దిలేటి, ఉరుకుందు, సుంకన్న, మారెమ్మ పేర్లలో మన కొండలు, మన జాతర్లు ఉన్నాయి. దస్తగిరి, మౌలాలి పేర్లలో పీర్ల చావిడి కాడ సాయిబులతో కలిసి తిరిగిన బతుకుంది. బ్రహ్మంగారి శిష్యుడు కక్కయ్య మాదిగే. ఇవన్నీ ఒక్క తరంలో పారేసుకుంటే మిగిలేదేముంది?

పేరు మారిస్తే కులం దాగుతుందనుకుంటే అంతకన్నా మోసం లేదు. టవునులో బాడుగిల్లు అడగండి. "పేరు రుత్విక్కా, బాగుంది. ఇంటిపేరేంది? యా ఊరు? ఊర్లో యా పక్క?" మూడు ప్రశ్నల్లో వాడకు వచ్చి నిలబడతాడు. తోకల పోరాటం మన పెద్దలు ఎప్పుడో చేసినారు. హైదరాబాదులో మాల ఇంట పుట్టిన మాదరి భాగయ్య భాగ్యరెడ్డివర్మ అయినాడు. 1917లో బెజవాడ సభలో మేము పంచములం కాదు, ఆది ఆంధ్రులం అన్నాడు. 1929లో చెంగల్పట్టులో పెరియార్ ఉద్యమం కులం తోకలు కోసుకోమంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మోగించినోళ్లు ఇంకో దారి పట్టినారు. రెడ్డి, శర్మ అని మీరు రాసుకుంటే మేం మాదిగ అని రాసుకుంటాం అన్నారు. తిట్టును తలపాగా చేసి చుట్టుకున్నారు. అమెరికాలో కాషియస్ క్లే 1964లో అది బానిస పేరని వదిలేసి మహమ్మద్ అలీ అయినాడు. దారులు వేరైనా వీళ్లెవరూ దాక్కోవడానికి పేరు మార్చలేదు. ఎదురు నిలబడటానికి మార్చినారు.

ఇంకో ముడి ఉంది. మన ఇండ్లల్లో చానామందికి గుడిలో ఏసన్న, బడిలో శ్రీనివాసులు అని రెండు పేర్లు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు కట్టబెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపింది. క్రైస్తవులను కలపలేదు. బిడ్డ సర్టిఫికెట్టు కోసం తల్లిదండ్రులు బైబిలు పేరు దాచుకుంటున్నారు. సంస్కృతం పేర్లు పెరగడం వెనక ఈ భయం గూడా ఉంది. అంటరానితనం మతం మారినా పోలేదు, హోదా మాత్రం పోతుంది. ఇది పేరుతో తీరేది కాదు, చట్టంతో తేల్చుకోవాల్సింది.

ఆఖరుకు మూడు పనులు చెప్పుకుందాం.

ఒకటి. ఏ పేరైనా పెట్టండి, అర్థం తెలుసుకుని పెట్టండి. బిడ్డకు ఊహ వచ్చినాక ఆ అర్థం, తాత పేరు కథ రెండూ చెప్పండి.

రెండు. కాగితం జాగ్రత్త. ఋకారం పేరును ఇంగ్లీషులో ఒకడు రిత్విక్ అని, ఒకడు రుత్విక్ అని రాస్తాడు. సంఖ్యాశాస్త్రమోడు ఇంకో అక్షరం తగిలిస్తాడు. జనన ధ్రువపత్రంలో, ఆధారులో, కుల ధ్రువపత్రంలో స్పెల్లింగు ఒక్కటే ఉండాలి. జననం నమోదు చేసినాక 12 నెలల లోపల పేరు ఎక్కిస్తే రుసుం లేదు. ఆ తర్వాత 15 ఏండ్ల వరకు రుసుం కట్టి ఎక్కించవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా, ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి, ఊరికి ఆ పత్రమే రుజువు.

మూడు. పిలుపు మీద కొట్లాడాలి. అరవై ఏండ్ల ఓబులేసును ఇరవై ఏండ్ల పిల్లోడు 'ఒరేయ్' అంటే అక్కడికక్కడే నిలదీయాలి. నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. సంఘపోళ్లు వెంట నిలబడి కేసు పెట్టించాలి.

తాతను ఓబులేసన్నా అని పిలవని ఊరు, మనమడిని రుత్విక్ గారూ అని పిలుస్తుందా? 'ఒరే రుత్విక్కుగా' అంటుంది. ముందు ఆ 'ఒరే'ను పూడ్చిపెడదాం. అప్పుడు ఏ పేరైనా మంచి పేరే.

జై భీమ్!