చిన్నబిడ్డలూ, మన చేతిలో ఫోనూ



ఈ వారం పిల్లల ఫోటోల గురించి రాయాలనుకున్నాం. ఇది కూడా సేవకుడు రాయవలసిన విషయమేనా అని కొందరు అనుకోవచ్చు. మాకైతే ఇది ముందు ఒప్పుకోవలసిన ఒక తప్పుతో మొదలవుతుంది.

నిరుడు జూన్‌లో బడులు తెరిచినప్పుడు సండే స్కూల్ పిల్లలకు నోటు పుస్తకాలు పంచాం. వెనుక బ్యానరు, దాని ముందు మేము, సంఘ పెద్దలు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పుస్తకాలు అందుకోవాలి, అందుకుంటూ ఫోను వైపు చూడాలి. ఒక పాప గబగబా తీసుకుని వెళ్లిపోబోతుంటే, "ఆగమ్మా, ఫోటో సరిగా రాలేదు" అని వెనక్కి పిలిచాం. ఇచ్చిన పుస్తకాలు మళ్లీ తీసుకుని, మళ్లీ ఇచ్చాం. ఆ ఫోటో చాలా బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. గ్రూపులో పెట్టాం. అక్కడ నుండి ఫేస్‌బుక్‌కు, స్టేటస్‌లకు వెళ్లింది. బడిలో తోటి పిల్లలు ఆ పాపకు "ఫ్రీ పుస్తకాలు" అని పేరు పెట్టారు.

మూడు ఆదివారాలు పాప రాలేదు. జ్వరమేమోనని ఇంటికి వెళ్లాం. తల్లి మంచం వాల్చి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, చాలాసేపటికి చెప్పింది: "అయ్యగారూ, పుస్తకాలు మేమూ కొనుక్కోగలం. మీరు పిలిచి ఇస్తుంటే కాదనకూడదని తీసుకున్నాం." మా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి వచ్చేశాం. ఆ రోజు ప్రార్థన కూడా సరిగా సాగలేదు.

మార్కు సువార్త పదవ అధ్యాయంలో చిన్నబిడ్డలను ప్రభువు దగ్గరకు తెస్తే శిష్యులు అడ్డుపడిన సంగతి మనకు తెలుసు. ఆ శిష్యుల మీద మేమే ఎన్నిసార్లు ప్రసంగించామో. ఆయన ఆ పిల్లలను చేతుల్లోకి తీసుకున్నాడు. అంటే వాళ్ల ముఖాలు ఆయన ముఖం దగ్గరకు వచ్చాయి. మన ఫోటోలు చూడండి. పెద్దలందరం పైన, పిల్లల తలలు కింద, చేతులు చాచి ఉంటాయి.

ఫోటో తీయడమే తప్పని మేము అనడం లేదు. అమెరికాలో లూయిస్ హైన్ అనే ఆయన 1908 నుండి జాతీయ బాలకార్మిక కమిటీ కోసం పత్తి మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లల ఫోటోలు తీశాడు. తన చొక్కా పైన తొడుక్కునే కోటు బొత్తాలు నేల నుండి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే తెలుసుకుని, వాటిని బట్టి పిల్లల ఎత్తు అంచనా వేసేవాడట. పేరు, వయసు అడిగి రాసుకునేవాడు. ఆ ఫోటోల్లో చాలామంది పిల్లలు తిన్నగా మన కళ్లలోకి చూస్తారు. చూస్తుంటే సిగ్గు వేస్తుంది, పిల్లలను చూసి కాదు, వాళ్లను అక్కడికి పంపిన పెద్దలను తలచుకుని. అవి పిల్లల పక్షాన నిలబడిన ఫోటోలు. మా నోటు పుస్తకాల ఫోటో మా పక్షాన నిలబడింది.

ఇప్పుడు మన యౌవనస్థులకు చెబుతున్నది ఇదే. పిల్లల ఫోటో తీసేటప్పుడు నేల మీద కూర్చోండి. ఫోను బిడ్డ కళ్ల ఎత్తుకు రావాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే కళ్ల కింద నల్లని నీడలు పడతాయి. ఉదయం ఎనిమిది లోపు గానీ, సాయంత్రం పొద్దు వాలాక గానీ తీయండి. లేదంటే గుమ్మం దగ్గర, వెలుగు ముఖాన పడేలా నిలబెట్టండి. ఫ్లాష్ వద్దు. లెన్సు తుడవండి (మన ఫోటోల్లో సగం మసక జేబులోని చెమటే). "నవ్వు, నవ్వు" అనకండి. వాళ్ల మేకపిల్ల ఎలా ఉందో అడగండి, నవ్వు దానంతటదే వస్తుంది. అన్నిటికంటే ముందు బిడ్డను, తల్లిని అడగండి. బిడ్డ వద్దంటే అక్కడితో ఆపేయండి. పసివాళ్ల స్నానం ఫోటోలు స్టేటస్‌లో పెట్టకండి, అది ఎంత ముద్దుగా ఉన్నా సరే.

హాస్టళ్లు నడిపే తోటి సేవకులకు ఒక మాట. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షను, సంరక్షణ అవసరమై అధికారుల ముందుకు వచ్చిన పిల్లల, నేరానికి గురైన పిల్లల పేరు, బడి, ఫోటో ప్రచురించడాన్ని నిషేధిస్తుంది. సేవ నివేదిక అయినా, ప్రార్థన ఉత్తరం అయినా దానికి మినహాయింపు అనుకోకండి.

"ఫోటో లేకపోతే సహాయం చేసేవారు ఎలా నమ్ముతారు?" అని మన పెద్దలు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. ఈ సంవత్సరం పంచే ఫోటోలు పంపలేమని, షాపు బిల్లు, పుస్తకాల కట్టల ఫోటో మాత్రం పంపుతామని ఒక దాతకు చెప్పాం. ఆయన మర్యాదగానే విన్నారు. తర్వాత ఏమీ పంపలేదు. ఒక్కొక్కరికి ఆరు పుస్తకాలు రావలసిన చోట, సంఘ కానుకలతో మూడే ఇవ్వగలిగాం. ఇది చిన్న నష్టమని మేము అనం. తక్కువైన ఆ మూడు పుస్తకాల కోసం అప్పు చేసిన ఇల్లు మాకు తెలుసు. అయినా ఇలా చేయడమే సరి అని మా నమ్మకం. ఒప్పుకోని పెద్దలు ఇంకా ఉన్నారు, వారితో మాట్లాడుతూనే ఉన్నాం.

పుస్తకాలు ఈసారి ఇళ్లకే తీసుకెళ్లి తల్లుల చేతికి ఇచ్చాం. మరొక పని కూడా మొదలుపెట్టాం. మన ఊళ్లో చాలా ఇళ్లలో పిల్లల ఫోటోలు ఫోనులోనే ఉంటాయి, ఫోను పాడైతే అవీ పోతాయి. అందుకని క్రిస్మస్‌కు ముందు ప్రతి బిడ్డకూ ఒక మంచి ఫోటో తీసి, ప్రింటు వేయించి ఆ ఇంటికే ఇస్తాం. అవి గ్రూపులో రావు. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు చర్చి ముందు వేపచెట్టు కింద. బిడ్డలకు తలస్నానం చేయించి తీసుకురండి, కొత్త బట్టలు అక్కర్లేదు.

ఆ పాప ఇప్పుడు మళ్లీ వస్తోంది, వెనుక వరుసలో కూర్చుంటోంది. ఆ నోటు పుస్తకాల ఫోటో మా పేజీలో నుండి తీసేశాం. మీలో ఎవరి ఫోనులోనైనా ఇంకా ఉంటే, దయచేసి ఈ రోజే తీసేయండి.