పిల్లికి చక్కెర జబ్బు

మా యింటి పిల్లికి మధుమేహమంటే నవ్వనివారు లేరు. “తీపి రుచే తెలియని జీవికి చక్కెర జబ్బేమిటండీ?” అన్నారు పక్కింటి పిన్నిగారు. తీపితో పనిలేదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోతే చాలు. గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతూ అది చిక్కి సగమయింది.

1922లో టొరాంటోలో ఒక కుర్రవాడి ప్రాణం నిలబెట్టిన మందే యిప్పుడు మా పిల్లికీ, 12 గంటలకొకసారి. సూదికి ముందు చెవి అంచున చిన్నగా పొడిచి, నెత్తుటిబొట్టు గ్లూకోమీటరుకు అందిస్తాం. ఆసుపత్రిలో బెదిరిన పిల్లికి చక్కెర పెరుగుతుంది. అందుకే యింటి లెక్క ముఖ్యమన్నారు డాక్టరుగారు.

మొన్న మందుల షాపువాడు 100 యూనిట్ల ఇన్సులిన్‌కు 40 యూనిట్ల సిరంజి యిచ్చాడు. ఎర్రమూత చూసి మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది గనుక సరిపోయింది. లేకపోతే రెండున్నర రెట్ల మందు ఎక్కేది!

చక్కెర పెరిగితే రోజుల వ్యవధి వుంటుంది, పడిపోతే వుండదు. పిల్లి తూలితే చిగుళ్లకు తేనె రాసి డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. తిండి మానిన పూట ఆయన్ని అడగందే సూది వెయ్యకూడదు.

సాయంత్రం ఏడయ్యేసరికి అదే వచ్చి నా ఒళ్లో కూర్చుంటుంది. మా కాలేజీ కుర్రాళ్లూ క్లాసుకు యింత వేళకు వస్తే ఎంత బాగుండును!